అర్పణ తెచ్చిన చేతులు: మతమును హింసయును గూర్చిన పాఠము

ఈ పాఠమును చదువకముందు ఆదికాండము 4వ అధ్యాయములో 1 మొదలు 16 వచనములును, లూకా సువార్త 9వ అధ్యాయములో 51 మొదలు 56 వచనములును నెమ్మదిగా చదువుకొనుడి. కూటముగా చదువువారైతే ఒకరు బిగ్గరగా చదువగా తక్కినవారు వినుట మంచిది.



కొంతకాలము క్రిందట మన యౌవనస్థుల కూటములో, రాజమహేంద్రవరములో చదువుకొనుచున్న ఒక చిన్నవాడు లేచి పాదిరిగారిని ఇట్లు అడిగెను: "అయ్యగారండీ, పేపరు తీస్తే చాలు, దేవుడి పేరు చెప్పి చంపుకోవడమే కనిపిస్తోందండీ. అసలు మతమనేదే లేకపోతే ఈ బాంబులూ ఈ తగలబెట్టడాలూ ఉండవు కదండీ?"

పాదిరిగారు నోరు తెరువకముందే సంఘపెద్ద ఒకాయన, "తప్పు బాబూ, అలా అనకూడదు. మతానికీ దానికీ సంబంధమే లేదు. అదంతా దుర్మార్గుల పని," అని అతనిని కూర్చుండబెట్టెను. చిన్నవాడు కూర్చుండెను గాని అతని ముఖము తేటపడలేదు. కూటము ముగిసెను. ప్రశ్న మాత్రము మందిరములోనే నిలిచిపోయెను.

ఆ చిన్నవాని మాట సగము నిజము. పెద్దాయన మాటయు సగము నిజమే. సగము నిజముతో తృప్తిపడిన సంఘము ఆపద దినమున పొరబాటున నడచును. అట్లు నడచిన సంఘములలో మనదియు ఒకటి. కాబట్టి ముందుగా మన తప్పును ఒప్పుకొని, తరువాత వాక్యము తట్టు తిరుగుదము.

1. మనము మరువకూడని ఒక సంవత్సరము

2000వ సంవత్సరము మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఆ యేడు మే నెలలో మచిలీపట్టణమందు క్రైస్తవులు కూడుకొనిన చోట బాంబు ప్రేలెను. జూన్ 8వ తేదీన ఒంగోలులోను, మనకు గోదావరి ఆవలనున్న తాడేపల్లిగూడెములోను చర్చీలలో బాంబులు ప్రేలెను. జూలై నెలలో కర్ణాటక రాష్ట్రమందలి హుబ్లీ, బెంగుళూరు పట్టణములలోని చర్చీలలోను అట్లే జరిగెను. తాడేపల్లిగూడెము మనకెంత దూరము? ఉదయమున బస్సెక్కినవాడు పని చూచుకొని మధ్యాహ్న భోజనమునకు ఇంటికి రావచ్చును. ఆ వారము మన స్త్రీలు పిల్లలను సండేస్కూలుకు పంపుటకు భయపడిరి. కొందరు పెద్దలు ఆదివారము తెల్లవారకముందే లాంతరు పట్టుకొని బల్లల క్రింద వెదకిరి.

భయపడుట తప్పు కాదు. ఆ భయముతో మనమేమి చేసితిమన్నదే ప్రశ్న.

అంతకు ముందు యేడు, 1999 జనవరి 22వ తేదీ రాత్రి, ఒరిస్సా రాష్ట్రము కియోంఝర్ జిల్లాలోని మనోహరపురమను గ్రామములో గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన కుమారులు ఫిలిప్, తిమోతి అను చిన్నపిల్లలను, వారు పండుకొనియున్న వాహనములోనే కాల్చి చంపిరి. ఆయన ఆస్ట్రేలియా నుండి వచ్చి బారిపదలో కుష్ఠరోగులకు అనేక సంవత్సరములు పరిచర్య చేసినవాడు. ఆ గాయము మనలో ఇంకను పచ్చిగా నుండెను. కావున తాడేపల్లిగూడెము వార్త చెవినిబడగానే, పోలీసువారు ఏమియు తేల్చకముందే మనము తేల్చివేసితిమి. "ఇంకెవరు? హిందువులే," అంటిమి. తరతరములుగా మన పొలముగట్టున నడచువారిని, మన పెండ్లిండ్లకు అరటిగెలలు పంపినవారిని, ఆ ఒక్క మాటతో హంతకుల లెక్కలో వేసితిమి.

జూలై 9వ తేదీ రాత్రి బెంగుళూరులో ఒక వాహనములోనున్న ప్రేలుడు సామగ్రి దానంతటదే ప్రేలి, అందులోనివారిలో ఇద్దరు చనిపోయిరి. ఆ జాడ పట్టుకొని విచారించగా దీన్‌దార్ అంజుమన్ అను ఒక చిన్న శాఖ బయటపడెను. హైదరాబాదు సంస్థానములో 1924లో సిద్దిఖ్ హుస్సేన్ అను నాయన స్థాపించిన శాఖ అది. అన్ని మతములు ఒకటియని బోధించుచున్నామని చెప్పుకొనిన శాఖ! ముస్లిములలో అనేకులు దానిని తమదిగా అంగీకరింపరు. హిందువులకును క్రైస్తవులకును మధ్య వైరము పుట్టించుటయే ఆ బాంబుల ఉద్దేశమని నేర విచారణలో ఆరోపింపబడెను. 2001లో కేంద్ర ప్రభుత్వము ఆ సంస్థను నిషేధించెను. 2008లో బెంగుళూరులోని ప్రత్యేక న్యాయస్థానము పలువురిని దోషులుగా తీర్మానించి శిక్ష విధించెను.

చూచితిరా? వైరము పుట్టింపవలెనని ఎవడో విత్తనము వేయగా, మన నాలుకలు దానికి నీరు కట్టెను. బాంబు చేయలేని పనిని మన మాట చేసెను.

అంతటితో బుద్ధి వచ్చెనా? రాలేదు. నిజము బయటపడిన తరువాత హిందువుల మీదనుండి మన వ్రేలు తీసి ముస్లిముల మీద పెట్టితిమి. వ్రేలు ఒక ఇంటినుండి మరియొక ఇంటికి తిరిగెనే గాని ముడువబడలేదు. మన వీధిలో బట్టలు కుట్టు సాయిబుగారొకరుండిరి. సండేస్కూలు పిల్లల క్రిస్మసు బట్టలు ఏటేట ఆయనయే కుట్టెడివారు. ఆ నెలలో మనవారెవరును ఆయన కొట్టు మెట్లెక్కలేదు. ఒకనాడు ఆయన మన పెద్దలలో ఒకరిని దారిలో ఆపి ఇట్లనిరి: "బాంబు పెట్టినవాడెవడో నాకు తెలీదండి. నా కొట్టుకి రావడం మానేసినవాళ్లు మాత్రం నాకు తెలుసండి."

సహోదరులారా, ఆ మాట నేటికిని మన మనస్సాక్షిలో ముల్లువలె నున్నది. ఆ ముల్లుతోనే ఈ పాఠమును చదువుదము.

2. మొదటి హత్య ఎక్కడ జరిగెను?

బైబిలు గ్రంథములో మొదటి హత్య దొంగతనము వలన కలిగినది కాదు, పొలముగట్టు తగవు వలన కలిగినదియు కాదు. అది ఆరాధన వెంటనే వచ్చెను. ఇద్దరు అన్నదమ్ములు దేవునికి అర్పణలు తెచ్చిరి. ఒకని అర్పణ అంగీకరింపబడెను, ఇంకొకనిది అంగీకరింపబడలేదు. అర్పణ తెచ్చిన చేతులే తమ్ముని చంపెను. భక్తి లేనివాడు భక్తుని చంపెనని వ్రాయబడలేదు. ఇద్దరును భక్తి చేయ వచ్చినవారే. ఈ సంగతిని పరిశుద్ధ గ్రంథము దాచిపెట్టలేదు. మనమును దాచిపెట్టకూడదు.

ఈ అధ్యాయములో మూడు సంగతులను గమనింపుడి.

మొదటిది: దేవుడు అర్పణలనే మాన్పివేయలేదు. కయీను నేరమును బట్టి భూమిమీద ఇక ఆరాధన యుండకూడదని సెలవియ్యలేదు. ఆ అధ్యాయము చివరనే మనుష్యులు దేవుని నామమున ప్రార్థించుట మొదలుపెట్టిరని చదువుచున్నాము. కాబట్టి మతమును తీసివేసిన హింస పోవునన్న మాటకు ఇక్కడ ఆధారము లేదు.

రెండవది: దేవుడు కయీనును విడిచిపెట్టనులేదు. అతని తమ్ముని గూర్చి అతనినే అడిగెను. ఎంత మంచి ధాన్యము అర్పించితివని అడుగలేదు, తమ్ముడేడని అడిగెను. ఆరాధన చేయు ప్రతివానికి, ప్రతి మతమునకు దేవుడు వేయు ప్రశ్న అదియే. కయీను చెప్పిన జవాబు చూడుడి. తనకేమి సంబంధమన్నట్లు మాటలాడెను. "మతానికీ దానికీ సంబంధమే లేదు" అని మన పెద్దాయన చెప్పిన మాట దానికి దూరముగా నున్నదా?

మూడవది: నేరము జరుగకముందే దేవుడు కయీనును హెచ్చరించెను. అతని ముఖము చిన్నబోయినప్పుడే, పాపము గుమ్మమునొద్ద కాచుకొని యున్నదని తెలియజేసెను. నేరము జరిగిన తరువాత కూడ, కయీనును చంపుటకు ఎవనికిని సెలవియ్యక, అతనికి ఒక గురుతు వేసెను. పగకు పగ సాగకుండ దేవుడే అడ్డుకట్ట వేసెను. కయీను చేసినదానికి కయీను ఇంటివారినందరిని పట్టుమని ఆయన చెప్పలేదు.

3. "మతము లేకపోతే హింస యుండదు" అను మాట

చిన్నవాని ప్రశ్నను తూచి చూతము. మతమును వేరుతో పెరికివేసిన చోట హింస ఆగెనా? కంబోడియా దేశములో 1975 మొదలు 1979 వరకు పోల్ పాట్ పరిపాలన జరిగెను. దేవాలయములను, చర్చీలను, మసీదులను మూయించి, సన్యాసులచేత కాషాయము విప్పించిరి. ఆ నాలుగేండ్లలో చంపుట వలనను, ఆకలి వలనను, రోగముల వలనను 15 లక్షలకు పైగా మనుష్యులు చనిపోయిరి. అక్కడ దేవుని పేరు ఎవడును ఎత్తలేదు. అయినను రక్తము కాలువలై పారెను.

దూరదేశము దాకా పోనేల? 1985 జూలై 17న ప్రకాశము జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలు చంపబడిరి. తగవు త్రాగునీటి చెరువు దగ్గర మొదలాయెను. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. అక్కడ తగవు సినిమాహాలులో మొదలాయెను. 2022 మే 24న, మన ఆనకట్ట దాటిన వెంటనే మొదలగు కోనసీమలో, అమలాపురము పట్టణమందు ఒక మంత్రిగారి యింటికిని, ఒక శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి. కారణమేమి? కొత్త జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టుట. ఏ గ్రంథమును గూర్చియు, ఏ దేవుని గూర్చియు అక్కడ వాదము లేదు. పేరు చాలెను, నీరు చాలెను, సినిమాహాలులో కాలు తగిలినదను మాట చాలెను.

యాకోబు తన పత్రిక 4వ అధ్యాయము మొదట ఈ ప్రశ్ననే వేసి, యుద్ధములు మనలోని కోరికలనుండియే పుట్టుచున్నవని తేల్చెను. ఊట హృదయములోనున్నది. మతము ఆ ఊట పారు కాలువలలో ఒకటి. కులము ఒకటి, భూమి ఒకటి, పార్టీ ఒకటి, పేరు ఒకటి. ఒక కాలువను పూడ్చినంత మాత్రమున ఊట ఎండిపోదు, నీరు వేరొక దారి వెదకుకొనును.

4. "మతమునకు సంబంధము లేదు" అను మాట

ఇప్పుడు మన పెద్దాయన మాటను తూచుదము. ఇందులో మనకు నొప్పి యెక్కువ.

లూకా 9వ అధ్యాయములో ఒక సమరయ గ్రామము ప్రభువును చేర్చుకొనలేదు. యాకోబు, యోహానులకు కోపము వచ్చెను. ఆకాశమునుండి అగ్ని కురిపించి ఊరిని కాల్చివేయుదుమా అని ఆయననడిగిరి. ఈ ఇద్దరు ఎవరు? ఊరిలోని పోకిరివాండ్రు కారు. ప్రభువుతో ఏర్పాటు కొండమీద ప్రార్థనలో నున్నవారు. పైగా వారికి లేఖనములో ఒక మాదిరియు నుండెను. ఏలీయా అగ్ని రప్పించిన సంగతి రెండవ రాజుల గ్రంథము మొదటి అధ్యాయములో నున్నది. వారు దానినే తలచియుందురు. గ్రంథము వారి చేతిలో నున్నది, గురువు వారి ప్రక్కన నున్నాడు, అయినను వారి నోట వచ్చిన మాట ఊరిని కాల్చు మాట! ప్రభువు వారి తట్టు తిరిగి గద్దించెను. తరువాత ఏమి చేసెను? మరియొక గ్రామమునకు వెళ్లెను. అంతే. చేర్చుకొనని ఊరిని విడిచి ముందుకు నడచుటయే ఆయన మార్గము.

గ్రంథములో యుద్ధములున్నవి గదా, యెహోషువ కాలపు సంగతులున్నవి గదా అని మన పిల్లలు అడుగుదురు. అడుగనియ్యుడి. లేఖనమును చేతబట్టుకొని మనుష్యులను చంపవచ్చునని తలచిన తన శిష్యులను ప్రభువే గద్దించెనని వారికి చెప్పుడి. ఏ వచనమునైనను ఆయన పాదములయొద్ద కూర్చుండి చదువవలెను. ఆయన ముఖము చూడక చదివినవాడు ఏలీయా అగ్నిని అప్పు తెచ్చుకొనును.

శిష్యులకు ప్రభువు ముందే చెప్పిన సంగతి యోహాను 16వ అధ్యాయములో నున్నది. వారిని చంపువాడు దేవునికి సేవ చేయుచున్నానని తలచు కాలము వచ్చునని ఆయన తెలియజేసెను. ఆ మాట తొలుత ఎవని విషయములో నెరవేరెను? తార్సువాడైన సౌలు విషయములో. స్తెఫనును రాళ్లతో కొట్టువారి వస్త్రములకు కావలి కాచినవాడు, ఇంటింట జొరబడి విశ్వాసులను ఈడ్చుకొనిపోయినవాడు ఆసక్తిగల భక్తుడే. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో తన పూర్వ స్థితిని చెప్పుకొనునప్పుడు, సంఘమును హింసించుటను తన మతాసక్తికి రుజువుగా చూపెను. మతమునకు సంబంధము లేదని సౌలు చెప్పలేదు. సంబంధమున్నదని కన్నీటితో ఒప్పుకొనెను.

క్రైస్తవులని పేరు పెట్టుకొనినవారి చరిత్ర చూడుడి. 1099లో యెరూషలేమును పట్టుకొనిన సిలువ యుద్ధవీరులు ఆ పట్టణమందలి ముస్లిములను, యూదులను గుంపులుగా వధించిరి. 1572 ఆగస్టులో పారిస్ నగరమందు ప్రొటెస్టంటులను వేలకొలది చంపిరి. మన ప్రొటెస్టంటుల చేతులు శుభ్రముగా నుండెనా? 1527 జనవరిలో, సంస్కరణను అంగీకరించిన జూరిచ్ పట్టణపు సభవారు, బాప్తిస్మమును గూర్చి వేరుగా బోధించినందుకు ఫెలిక్స్ మాంజ్ అను విశ్వాసిని చేతులు కట్టి నదిలో ముంచివేసిరి. నదిలో బాప్తిస్మమిచ్చు మనము ఆ సంగతిని చదివి తల దించుకొనవలెను. 1994లో రువాండా దేశములో సుమారు నూరు దినములలో 8 లక్షలమంది చంపబడిరని అంచనా. ఆ దేశములో ఎక్కువమంది క్రైస్తవులే. చంపినవారును చచ్చినవారును ఒకే పాట పుస్తకము పట్టుకొని పాడినవారు. ఆశ్రయము కోరి పరుగెత్తి వచ్చినవారిని చర్చీలలోనే నరికిరి. ఆ తగవు జాతిని గూర్చినదే గాని దైవమును గూర్చినది కాదు. అయినను తొంబది యేండ్ల సువార్త ఆ కత్తిని ఎందుకు ఆపలేకపోయెను? బాప్తిస్మపు నీరు తలను తడిపెను గాని జాతిగర్వమును తడుపలేదు.

ఈ మాట మన పేటలకు అక్కర లేదా? ఒకే ఊరిలో ఒకే సువార్త వినువారు పేటకొక మందిరము కట్టుకొనిన ఊళ్లు ఈ గోదావరి మండలములో లేవా? మాల, మాదిగ అని బల్లయొద్ద లెక్కపెట్టుకొనక మానితిమా? వాక్యము చెప్పుటకు వచ్చినవాని పేట తెలియగానే కొందరు ముఖము త్రిప్పుకొనలేదా? కారంచేడును గూర్చి కన్నీరు కార్చిన మనము మన మందిరములోని గోడను గూర్చి ఎప్పుడైన కార్చితిమా?

కాబట్టి మన తీర్పు ఇది. హింసకు వేరు మతము కాదు, మానవ హృదయము. అయినను మతము నిర్దోషి కాదు. ఎట్లనగా, సామాన్యమైన కోపము తెల్లవారునప్పటికి చల్లారవచ్చును, సిగ్గుపడవచ్చును. అదే కోపమునకు దేవుని ముద్ర వేసినప్పుడు అది సిగ్గుపడదు, పశ్చాత్తాపపడదు, తన్ను తాను పుణ్యమని తలచుకొనును. ముద్ర వేయు అధికారము మతమునొద్ద నున్నది గనుక, ఆ ముద్ర దేనిమీద పడుచున్నదో చూచుకొను భారమును మతస్థులదే. ఇతరుల మతమును గూర్చి మనము జవాబు చెప్పనక్కరలేదు. మన చేతిలోని ముద్రను గూర్చి చెప్పవలెను.

5. ఆనకట్టయొద్ద మూడు హెచ్చరికలు

ధవళేశ్వరములో కాపురమున్నవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. సర్ ఆర్థర్ కాటన్ గారు 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్ట ఈ నదిని మార్చివేయలేదు. అదే గోదావరి, అదే నీరు. అంతకు ముందు ఆ నీరు ఒక యేడు ఊళ్లను ముంచెను, మరియొక యేడు చేనికి అందక సముద్రములో కలిసెను. ఆనకట్ట కట్టి, లాకులు పెట్టి, కాలువలు త్రవ్విన తరువాత అదే నీరు అన్నము పెట్టెను. అయినను నదికి బలము పోలేదు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి గట్లు తెగి లంకలు మునిగినప్పుడు మన పెద్దలు దానిని కన్నులార చూచిరి.

అందుచేత నేటికిని బ్యారేజియొద్ద నీటిమట్టము చూచి హెచ్చరికలు వేయుదురు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండవది. 17.75 అడుగులకు మూడవది. మూడవది వచ్చువరకు మంచము దిగనివాడు మునుగును. తెలివిగలవాడు మొదటి హెచ్చరికకే పశువులను గట్టెక్కించును. కయీనుకు వచ్చిన హెచ్చరికయు ముఖము చిన్నబోయినప్పుడే వచ్చెను గదా. మన హృదయములోను ఇట్టి గురుతులు మూడున్నవి.

మొదటి హెచ్చరిక: "వాళ్లందరూ అంతే" అను మాట. ఒకడు చేసినదానిని ఒక జనమంతటికి అంటగట్టునప్పుడు నీరు 11.75 అడుగులకు వచ్చెనని తెలిసికొనుడి. 2000వ సంవత్సరములో మనము ఈ మట్టము దాటితిమి. మనమీద ఇతరులు దాటినప్పుడు ఎట్లుండునో 2008లో ఒరిస్సాలోని కంధమాల్ జిల్లా క్రైస్తవులు చూచిరి. ఆ యేడు ఆగస్టు 23న లక్ష్మణానంద సరస్వతి అను స్వామిని, ఆయనతోకూడ మరి నలుగురిని చంపిరి. అది ఘోరమైన నేరము, దానిని ఏ క్రైస్తవుడును మెచ్చుకొనకూడదు. మేమే చంపితిమని మావోయిస్టులు ప్రకటించిరి. అయినను పగ క్రైస్తవుల గుడిసెలమీద పడెను. ప్రభుత్వ లెక్క ప్రకారమే 30 మందికి పైగా చనిపోయిరి, వేలకొలది ఇండ్లు కాలెను, వేలమంది అడవులలోను శిబిరములలోను తలదాచుకొనిరి. "వాళ్లందరూ అంతే" అను మాట మననోట చిన్నదిగా నుండును. అది మనమీద పడునప్పుడే దాని బరువు తెలియును.

రెండవ హెచ్చరిక: పరులకు కీడు కలిగినప్పుడు లోలోపల సంతోషించుట, నిజము తెలియని వార్తను చేతులు మార్చుట. పూర్వము రచ్చబండమీద పుకారు నడచి వచ్చెడిది. నేడు అది జేబులోని ఫోనులో పరుగెత్తి వచ్చుచున్నది. చర్చి తగులబెట్టిరనియో, గుడి పడగొట్టిరనియో ఒక బొమ్మ వచ్చును. అది ఏ దేశములోదో, ఏ యేటిదో ఎవరికిని తెలియదు. దానిని పదిమందికి పంపినవాడు ఆ పదిండ్లలో నిప్పు దాచినవాడగును. అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ వ్రేలితో పలుకు సాక్ష్యమునకును వర్తించును.

మూడవ హెచ్చరిక: మన కోపమునకు దేవుని పేరు పెట్టుట. "దేవుడే వాళ్లకు బుద్ధి చెప్పాడు" అనునప్పుడు, ప్రసంగపీఠమునుండి పొరుగువారి దేవతలను ఎగతాళి చేసి దానిని ధైర్యమనుకొనునప్పుడు నీరు 17.75 అడుగులు దాటెను. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణమంతయు పౌలు సహవాసులమీద లేచినప్పుడు, ఆ పట్టణపు కరణము లేచి, వీరు గుడిని దోచినవారు కారు, మన దేవతను దూషించినవారును కారు అని వారి పక్షమున సాక్ష్యమిచ్చెను. పౌలు సువార్తను తగ్గించి చెప్పినవాడు కాడు. అయినను పరుల నోట అట్టి సాక్ష్యము సంపాదించుకొనెను. మన ఊరి కరణము మనలను గూర్చి ఆ మాట చెప్పగలడా?

6. మనము చేయవలసినది

సౌలు సంగతికి మరల వత్తము. దమస్కు మార్గమున ప్రభువు అతనిని కలిసికొనినప్పుడు అతని భక్తిని తీసివేయలేదు. అతని ఆసక్తియు పోలేదు. తరువాత అతడు అంతకంటె ఎక్కువగా ప్రయాసపడెను. మారినదేమనగా, ఇతరులను కొట్టిన చేతులవాడు తాను దెబ్బలు తినుటకు సిద్ధపడెను. నిజమైన భక్తికిని హింసకు వాడబడు భక్తికిని తేడా అక్కడ కనబడుచున్నది. ఒకటి తన విశ్వాసముకొరకు తాను బాధపడుటకు సిద్ధపడును, మరియొకటి ఇతరులను బాధపెట్టుటకు సిద్ధపడును. ఈ కొలతతో ముందు మనలను కొలుచుకొందము.

గ్రాహం స్టెయిన్స్ గారి భార్య గ్లాడిస్ గారు, భర్తను ఇద్దరు కుమారులను ఒకే రాత్రి పోగొట్టుకొనియు, చంపినవారిని క్షమించితినని చెప్పెను. కుమార్తెతోకూడ ఆ దేశమును విడిచిపోక, బారిపదలోని కుష్ఠరోగుల పరిచర్యను మరి కొన్ని యేండ్లు సాగించెను. 2005లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదు నిచ్చెను. ఆమె క్షమించినందున న్యాయస్థానము విచారణ మానలేదు. నేరమును విచారించుట రోమా పత్రిక 13వ అధ్యాయము ప్రకారము అధికారుల పని, పగను విడిచిపెట్టుట మన పని. ఈ రెంటిని కలిపివేయరాదు.

కావున కీడు వార్త వచ్చిన దినమున మన సంఘములవారు ఈ నాలుగు పనులు చేయుదురు గాక.

ఒకటి, అధికారులు తేల్చువరకు ఎవరి పేరును ఎత్తకుండుట.

రెండు, ఆ దినముననే మన వీధిలోని అన్యమతస్థుల ఇంటికి పోయి పలుకరించుట. భయము ఇరుప్రక్కల నుండును. మన వాకిట భయమున్నట్లే వారి వాకిటను ఉండును.

మూడు, కీడు మనవారికి కలిగినను పరులకు కలిగినను ఆదివారపు ప్రార్థనలో ఒకే విధముగా జ్ఞాపకము చేసికొనుట. మసీదులో చనిపోయినవారికొరకు, గుడిలో చనిపోయినవారికొరకు కన్నీరు రానివాడు మనవారికొరకు కార్చు కన్నీరు పక్షపాతపు కన్నీరు.

నాలుగు, మన పిల్లల ప్రశ్నలను కూర్చుండబెట్టక, వారితోకూడ కూర్చుండి వాక్యము తెరచుట.

ఆ సాయిబుగారి సంగతి చెప్పి ముగింతుము. ఆయన మాట విన్న పెద్ద ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాడు ఉదయమున ఒక తెల్లబట్ట తాను చంకబెట్టుకొని ఆయన కొట్టు మెట్లెక్కి, "పిల్లల బట్టలండి, క్రిస్మసుకి," అనెను. అప్పటికి క్రిస్మసు ఇంక అయిదు నెలలుండెను. సాయిబుగారు బట్టను చూచి, ఆయన ముఖమును చూచి, "ఇంత తొందరేం వచ్చిందండీ?" అనిరి. "ఆలస్యమైపోయిందండి," అని మన పెద్ద జవాబు చెప్పెను. సాయిబుగారు మాటలాడక టేపు తీసికొనిరి. ఆ యేడు మన పిల్లలు ఆ బట్టలు కట్టుకొనియే పాటలు పాడిరి.

నేడు సాయిబుగారు లేరు. ఆ పెద్దయు ప్రభువునందు నిద్రించెను. ఆ ఆలస్యమును మన తరము మరల చేయకుండును గాక.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. కయీను అర్పణ తెచ్చినవాడని వాక్యము ఎందుకు చెప్పుచున్నది? ఆ సంగతి మన ఆదివారపు ఆరాధనను గూర్చి ఏమి నేర్పుచున్నది?

2. యాకోబు, యోహానులకు లేఖనములో మాదిరి యున్నను ప్రభువు వారిని ఎందుకు గద్దించెను?

3. మూడు హెచ్చరికలలో మన సంఘము నేడు ఏ మట్టమున నున్నది? ఒకరినొకరు నొప్పింపక, యథార్థముగా చెప్పుకొనుడి.

4. మన వీధిలో మనము మెట్లెక్కుట మానివేసిన కొట్టు ఏది?

ప్రార్థన

ప్రభువా, పొరుగువానిని గూర్చి నీవు మమ్మును అడుగునప్పుడు మాకేమి సంబంధమని చెప్పకుండ మా నోటిని కాపాడుము. మా కోపమునకు నీ పేరు పెట్టిన దినములను క్షమింపుము. మాకు కీడు చేసినవారిని నీ చేతికి అప్పగించుచున్నాము. మా వీధిలో మా వలన భయపడువాడు ఒక్కడును లేకుండునట్లు మమ్మును నడిపింపుము. ఆమేన్.